లంబసింగి నుంచి కేదార్‌కంఠ దాకా: ఏం మోసుకెళ్లాం, ఏది కాచింది

లంబసింగిలో తెల్లవారుజామున మూడున్నరకి అద్దె టెంట్‌లోంచి లేచి నెగడు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికది బూడిదైపోయింది. టెంట్లు చూసుకునే కుర్రాడు ఎక్కడి నుంచో నాలుగు చితుకులు తెచ్చి వేసి, "మొదటిసారా అన్నా?" అని నవ్వాడు. నా దగ్గరున్న చిన్న థర్మామీటర్ 4 డిగ్రీలు చూపిస్తోంది. నేను అంతసేపూ వణికిన స్లీపింగ్ బ్యాగ్ మీదేమో అరచేతంత అంకెల్లో "-5" అని ఉంది. బరువు 1.8 కిలోలు.

నిజానికి మేం లంబసింగి వెళ్లింది రిహార్సల్‌కి. జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కాలని నేనూ మా బావమరిదీ అనుకున్నాం. అది 12,500 అడుగులు, చుట్టూ మంచు. గైడ్‌ని పెట్టుకుని, టెంటూ వంటా అతనికి వదిలేసి, పడుకునే సరంజామా మాత్రం మా వీపు మీద మేమే మోసుకోవాలని లెక్క. కొత్త సామాన్లు నేరుగా మంచులోకి పట్టుకెళ్లే ధైర్యం లేక, మనకి దగ్గర్లో చలి ఎక్కడుందా అని చూస్తే చింతపల్లి మండలమే కనిపించింది. లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. ఆ పేరుకి అర్థం నాకు బాగానే తెలిసొచ్చింది.

లంబసింగిలో బస గురించి ముందే చెప్పేస్తాను. శని, ఆదివారాలు వెళ్లకండి. మేఘాలు చూద్దామని చెరువులవేనం కొండ ఎక్కేవాళ్లతో తెల్లవారుజాము నుంచే రోడ్డు నిండిపోతుంది, రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు మోగుతూనే ఉంటాయి. మాకిచ్చిన టెంట్ కింద ఉన్నది ఒక్క టార్పాలిన్ పట్టా. పైన కప్పుకోవడానికి ఇచ్చిన దుప్పట్లు పట్టుకుంటే చల్లగా, తడితడిగా తగిలాయి. "కింద పరుచుకోవడానికేమైనా ఉందా?" అని అడిగితే ఇంకో దుప్పటి తెచ్చిచ్చారు. అక్కడ టెంట్ బుక్ చేసేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, భోజనం మెనూ గురించి తర్వాత అడగొచ్చు. చంటిపిల్లలతో వెళ్తే నర్సీపట్నంలో గది తీసుకుని చీకటితోనే బయల్దేరడం మేలు.

మరి మైనస్ అయిదు బ్యాగ్‌లో ప్లస్ నాలుగుకే ఎందుకు వణికాను? ఇంటికొచ్చి లోపల కుట్టిన చిన్న లేబుల్‌ని ఫోన్ టార్చ్ వేసి చదివాను. మూడు అంకెలున్నాయి. కంఫర్ట్ 8, లిమిట్ 4, ఎక్స్‌ట్రీమ్ -5. కంపెనీవాళ్లు మూడోదాన్ని పెద్దది చేసి అచ్చేశారు. ఈ అంకెల వెనక ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. వేడి పుట్టించే మనిషి బొమ్మను బ్యాగ్‌లో పడుకోబెట్టి కొలుస్తారు. కంఫర్ట్ అంటే మామూలు ఆడమనిషి ఒళ్లు వదిలేసి హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే మామూలు మగమనిషి ముడుచుకుని ఎలాగో నిద్రపోగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అనేది నిద్ర లెక్క కాదు, ఆరు గంటలు ప్రాణం నిలబడుతుందా అన్న లెక్క. ఇంకో సంగతి, ఆ బొమ్మ కింద చాప ఉంటుంది, ఒంటి మీద థర్మల్ బట్టలుంటాయి. నేను ఆ రాత్రి టీషర్టు, ట్రాక్ ప్యాంటుతో పట్టా మీద పడుకున్నాను.

అసలు కిటుకు ఆ చాపలోనే ఉంది. స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనమిచ్చేది దూదో ఈకలో కాదు, వాటి మధ్య చిక్కుకున్న గాలి. మన ఒంటి బరువుకి కిందివైపు అదంతా నొక్కుకుపోతుంది, గాలి పోతుంది, వీపుకీ నేలకీ మధ్య పల్చటి గుడ్డ మిగులుతుంది. ఇక రాత్రంతా నేల మన వేడిని లాగేస్తూనే ఉంటుంది. మా తాతకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన చేను కావలికి వెళ్తే ముందు మూరెడు మందాన వరిగడ్డి పరిచి, తొక్కి సర్ది, పైన ఒక్క గొంగడి కప్పుకునేవాడు. మేం పిల్లలం రెండు దుప్పట్లు కప్పుకుని మంచె మీద వణుకుతుంటే "కింద గడ్డేసుకోండ్రా" అని కసిరేవాడు. నేను వేలకి వేలు పోసి కొన్న బ్యాగ్‌తో అదే పాఠం మళ్లీ నేర్చుకున్నాను.

ఆ గడ్డి మందాన్ని ఇప్పుడు ఆర్-వాల్యూ అనే అంకెతో చెబుతున్నారు. అంకె పెద్దదయ్యేకొద్దీ చాప మన వేడిని నేలలోకి పోకుండా అంత బాగా ఆపుతుందన్నమాట. మంచి పేరున్న చాపల మీద ఈ అంకె వేస్తారు. మడతపెట్టే ఫోమ్ చాపకి సుమారు 2 ఉంటుంది, బరువు నాలుగు వందల గ్రాములు. గాలి నింపేవాటిలో లోపల రేకు పొరలున్న ఖరీదైన రకాలు 7 దాకా వెళ్తాయి. ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. 2 మీద 3.4 వేస్తే 5.4. మంచు మీద పడుకునేవాళ్లకి 5కి తగ్గకూడదంటారు. నేను చేసింది సరిగ్గా ఆ కూడికే. అంత ఖరీదైన ఒక్క చాప కొనలేక కాదు (సరే, అదీ ఒక కారణమే), గాలి చాపకి ముల్లు గుచ్చుకుంటే రాత్రి పదకొండు వేల అడుగుల ఎత్తున చేసేదేం ఉండదు. ఫోమ్‌కి ఆ టెన్షన్ లేదు.

చివరికి నా సంచిలోకి చేరినవి ఇవి: కంఫర్ట్ -4, లిమిట్ -10 ఉన్న డౌన్ బ్యాగ్ 1,120 గ్రాములు. గాలి చాప 480. ఫోమ్ చాప 410. లోపల తొడుక్కునే పట్టు లైనర్ 130. మొత్తం రెండు కిలోల నూట నలభై గ్రాములు. లంబసింగిలో వణికించిన బ్యాగ్ ఒక్కటే 1.8 కిలోలని గుర్తుపెట్టుకుంటే ఇది చవక బరువే. డౌన్ అంటే బాతుల పొట్ట మీది మెత్తటి నూగు. నొక్కితే గుప్పెడవుతుంది, వదిలితే బుస్సున పొంగుతుంది. కానీ తడిస్తే ముద్దయిపోయి పనికిరాదు. వానలో, పొగమంచులో తిరిగేవాళ్లకి సింథటిక్ బ్యాగే నయం, బరువు మోయగలిగితే. కింద భాగం లేని క్విల్ట్ కూడా చూశాను, ఇంకో మూడొందల గ్రాములు తగ్గేది. నిద్రలో అటూ ఇటూ దొర్లే అలవాటుంది నాకు. దొర్లినప్పుడల్లా పక్క నుంచి చలి దూరుతుందని వదిలేశాను.

బావమరిది మాత్రం "ఒక్క ట్రిప్‌కి అంత పెట్టి కొనడమెందుకు బావా, అక్కడ అద్దెకిస్తారట" అన్నాడు. తప్పు మాట కాదు.

డెహ్రాడూన్ దాకా విమానం. స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కించనివ్వరు, అవి అక్కడే కొనుక్కోవాలి. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా, నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి దాదాపు 200 కిలోమీటర్లు. మాకు తొమ్మిది గంటలు పట్టింది. మలుపులకి కడుపులో తిప్పేవాళ్లు పొద్దున్నే పరోటాలు తినకండి.

సాంక్రీలో మేమున్న హోమ్‌స్టే చెక్క ఇల్లు. నడిస్తే నేల కిర్రుమంటుంది, కిటికీ సందుల్లోంచి గాలి వస్తుంది. కానీ మంచం మీద పరుపు, ఆ మీద మోయలేనంత బరువున్న రజాయి. పొగ వాసన వేసినా, మొత్తం ప్రయాణంలో హాయిగా నిద్రపట్టిన రాత్రి అదే. వేడినీళ్లు బకెట్ లెక్కన ఇస్తారు. రాత్రి రాజ్మా, అన్నం, మండువా రొట్టె పెట్టారు. మండువా అంటే మన రాగులే. ఆ ఇంటావిడకి ఆ సంగతి చెబితే మాకు అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది.

అద్దె బ్యాగ్ కథ వేరు. ఒక దుకాణంలో బావమరిది తీసుకున్న బ్యాగ్ మడిచి ఉన్నప్పుడు బొద్దుగానే ఉంది. గదికి తెచ్చి విప్పి బల్బుకి అడ్డంగా పట్టుకుంటే దూదంతా కాళ్లవైపు గడ్డలు కట్టి, ఛాతీ దగ్గర వెలుతురు అవతలికి కనిపించింది. జిప్ సగంలో ఇరుక్కుంది. తిరిగి తీసుకెళ్తే అతను గొడవేం పెట్టలేదు, ఇంకోటి తీసిచ్చాడు, అది బాగుంది. కాబట్టి అద్దెకి తీసుకోండి, కానీ పూర్తిగా విప్పి, వెలుతురుకి పట్టి, జిప్ పైకీ కిందకీ రెండుసార్లు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాకే డబ్బివ్వండి. ఆ రెండో బ్యాగ్ రెండున్నర కిలోలు. పైకెక్కుతుంటే దాని గురించి వాడు పడ్డ గోల నేను రాయను.

మొదటి రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర, 9,100 అడుగులు. చెరువు గడ్డకట్టి ఉంది, చుట్టూ దేవదారులు. దారి పొడవునా మ్యాగీ కొట్లున్నాయి కాబట్టి అడవిలో ఒంటరిగా ఉన్నామన్న భ్రమ అక్కర్లేదు. చెరువు గట్టునే టెంట్ వేద్దామని నాకుంది. గైడ్ ఒప్పుకోలేదు. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి నిలబడుతుందని, కాస్త మెరకన చెట్ల కింద వేశాడు. ఆ రాత్రి -4. నిద్ర బాగానే పట్టింది.

అసలు పరీక్ష మర్నాడు బేస్ క్యాంప్‌లో. పదకొండు వేల అడుగులు దాటిన చోట, మంచుని తొక్కి చదును చేసి టెంట్ వేశాం. పొద్దుగూకగానే చలి ఒక్కసారిగా దిగింది. వేడినీళ్లు బాటిల్లో పోసి, సాక్సులో దూర్చి, బ్యాగ్ అడుగున పెట్టుకున్నాను. ఫోను, పవర్ బ్యాంక్, నీళ్ల ఫిల్టరు లోపలే. ఆ ఫిల్టర్ ఒక్కసారి గడ్డకట్టిందంటే లోపలి సన్నటి గొట్టాలు పగిలి పైకి ఏమీ తెలియకుండానే పాడైపోతుంది.

రాత్రి పదిన్నరకి మెలకువ వచ్చింది. తుంటి కింద చాప మెత్తగా ఉంది. సాయంత్రం డ్రమ్ములా బిగించిన చాప ఇప్పుడు మోచేయి ఆన్చితే కిందికి దిగిపోతోంది. అయిపోయింది, ముల్లు దిగింది అనుకున్నాను. హెడ్‌ల్యాంప్ వేసి, చెవి ఆనించి, వాల్వు దగ్గర తడి వేలు పెట్టి చూశాను. ఎక్కడా గాలి పోవట్లేదు. పావుగంట తర్వాత గానీ బుర్ర పనిచెయ్యలేదు. ఎండ ఉండగా నింపిన గాలి చలికి కుంచించుకుపోయింది, అంతే. సంచి పంపుతో ఇంకో రెండు దఫాలు గాలి నింపితే మళ్లీ బిగిసింది. నోటితో ఊదకుండా సంచి పంపు తెచ్చుకున్నది, ఊపిరిలోని తడి లోపల చేరకూడదని.

ఈలోపు అడుగున ఉన్న ఫోమ్ చాప తన పని తాను చేసుకుపోయింది. వీపు చల్లబడలేదు. ముక్కు మాత్రం గడ్డకట్టింది. తల లోపలికి లాక్కుని ఊపిరి బ్యాగ్‌లోకి వదిలితే అప్పటికి వెచ్చగానే ఉంటుంది, తెల్లారేసరికి డౌన్ తడుస్తుంది. అందుకే మఫ్లర్ ముక్కు మీదికి లాక్కుని పడుకున్నాను.

బావమరిది చలికి భయపడి తనవైపు టెంట్ గాలి కిటికీ మూసేశాడట. రెండుకి లేచేసరికి లోపలి గుడ్డంతా తెల్లటి మంచు పొడి, వాడు జాకెట్ తీసుకోబోతే ఇద్దరి మొహాల మీదా జల్లు. వాడి బ్యాగ్ కాళ్ల వైపు గోడకి ఆనుకుని తడిసిపోయింది. అది సింథటిక్ కాబట్టి సరిపోయింది, నాది ఆ పక్కనుంటే ఏమయ్యేదో. థర్మామీటర్ -9 దగ్గర ఆగి ఉంది.

శిఖరం గురించి ఎక్కువ రాయను. సూర్యుడు పైకొచ్చేసరికి స్వర్గారోహిణి, బందర్‌పూంచ్ శిఖరాలు ఎదురుగా ఉన్నాయి, మా ముందు పాతికమంది సెల్ఫీల క్యూలో ఉన్నారు. డిసెంబరు ఆఖరి వారంలో వెళ్తే ఈ క్యూ ఇంకా పెద్దదట.

పెద్ద ట్రెక్కింగ్ సంస్థలతో వచ్చినవాళ్లు పక్క క్యాంపులో కనిపించారు. వాళ్ల బ్యాగ్‌లు బరువైనవే అయినా కంచరగాడిదలు మోస్తాయి, కింద మందపాటి ఫోమ్ చాప, లోపల ఫ్లీస్ లైనర్ ఇచ్చారు. ఒక్కసారి చూసి రావాలనుకునేవాళ్లకి అది చాలు. ఏడాదికి రెండు మూడు సార్లు కొండలెక్కే పిచ్చి ఉంటేనే సొంతంగా కొనండి. కొనేటప్పుడు డబ్బు తక్కువపడితే బ్యాగ్ అద్దెకి తీసుకుని చాపలు మాత్రం మంచివి కొనుక్కోండి.

డౌన్ బ్యాగ్‌ని దాని చిన్న సంచిలో కుక్కి అటక మీద పెట్టేస్తే పొంగు పోతుంది. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పాత దిండు గలీబులు రెండు కలిపి కుట్టించి అందులో వదులుగా వేలాడదీశాను. లంబసింగి బ్యాగ్ ఇంకా ఇంట్లోనే ఉంది. వేసవిలో డాబా మీద పడుకునేటప్పుడు మా అబ్బాయి దాన్ని కింద పరుచుకుంటున్నాడు.