ఆహార సర్వేను సరిచూసే కొలతలు: అనంతపురంలో చాన్నాళ్లు వాడాక

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆహార సర్వేలు చేసే పని నాది. మామూలుగా ఏది ఎంత తింటారని అడిగే మన ప్రశ్నావళి చెప్పేది 24 గంటల రీకాల్‌తో (గడిచిన రోజంతా ఏం తిన్నారో గుర్తుచేసుకుని చెప్పించడం) సరిపోతోందా అని తేల్చే కొలతలన్నీ ఏళ్లుగా వాడుతున్నాను.

అందరూ ముందు అడిగేది కోరిలేషన్. నేను బాగా తక్కువ నమ్మేదీ అదే. సంగటి ముద్ద 250 గ్రాములని ప్రశ్నావళిలో లెక్కగట్టాం అనుకోండి. అసలు ముద్ద 400 గ్రాములుంటే అందరి సంగటీ తక్కువ పడుతుంది, కోరిలేషన్ మాత్రం ఇసుమంతైనా కదలదు. రెండు లెక్కలూ కలిసి పెరుగుతున్నాయా అన్నదే దానికి పట్టింది. రెండూ ఒకటేనా అంటే నోరు మెదపదు.

నాకు బాగా పనికొచ్చింది గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వివరించిన గ్రాఫ్. ఒక్కో మనిషికి రెండు పద్ధతుల సగటు అడ్డంగా, తేడా నిలువుగా వేస్తాం. తేడాల సగటుకు అటూ ఇటూ 1.96 ఎస్‌డీల (స్టాండర్డ్ డీవియేషన్, అంటే తేడాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దూరంలో గీతలు. చెనిక్కాయలకు గీస్తే చుక్కలు కుడివైపు పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకున్నాయి. ఎక్కువ తినేవాళ్ల దగ్గరే తేడా ఎక్కువ. కాయలు ఒలుస్తూ నోట్లో వేసుకున్నవి ఎవరు లెక్కపెడతారు చెప్పండి? ఇలాంటప్పుడు లాగ్ (లాగరిథమ్) తీసి గీస్తే తేడా నిష్పత్తిగా వస్తుంది, చదవడం తేలిక. ఒకటే ఇబ్బంది: ఎంత తేడా ఉన్నా ఫర్వాలేదో గ్రాఫ్ చెప్పదు, ముందే మనం అనుకోవాలి.

జనాన్ని ఎంత తింటారన్న వరసలో నాలుగు సమాన గుంపులుగా (క్వార్టైల్స్) విడగొట్టి, రెండు పద్ధతుల్లో ఎవరు ఏ గుంపులో పడ్డారో పోల్చడం ఆఫీసర్లకు చెప్పడానికి భలే సులువు. అయితే జాగ్రత్త. గుడ్డిగా వేసినా 62.5 శాతం మంది అదే గుంపులోనో పక్క గుంపులోనో పడతారు. కాబట్టి ‘70 శాతం సరిపోయారు’ అంటే పొంగిపోవద్దు. ఆ అదృష్టం వాటాను తీసేసేది వెయిటెడ్ కప్పా అనే కొలత. వెయిట్లు (ఎన్ని గుంపుల దూరం తప్పితే ఎంత తప్పుగా లెక్కేయాలో చెప్పేవి) మారిస్తే దాని విలువా మారుతుంది, ఏవి వాడారో అడగండి.

అసలు టెన్షన్ రీకాల్‌తోనే. సోమవారం అడిగితే చికెన్, గురువారం అడిగితే పప్పు. అందుకే ఒక్క రోజుతో సరిపెట్టకుండా వేర్వేరు రోజుల్లో మళ్లీ అడగాలి. పైగా రీకాల్ కూడా జ్ఞాపకమే. రెండు చోట్లా ఒకే వస్తువు మర్చిపోతే కొలతలన్నీ బ్రహ్మాండంగా వస్తాయి. ప్రొటీన్‌కైతే 24 గంటల మూత్రంలో నైట్రోజన్ చూడొచ్చు, దానికి జ్ఞాపకంతో పనిలేదు. కానీ మూత్రం పట్టే డబ్బా చేతికిస్తే, ‘చేనికి పోతే దీన్ని ఎక్కడ పెట్టుకోమంటావు సార్?’ అంటారు.