వంటసోడా, వెనిగర్, నిమ్మకాయ, ఉప్పు: ఆరేళ్లు గిన్నెల మీద వాడాక నా అనుభవం

స్టీల్ పీచుతో రుద్ది రుద్ది గీతలు పడిపోయిన గిన్నెలు చూసి, ఆరేళ్ల కిందట పద్ధతి మార్చుకున్నాను. మాడు, మరకలు, తెల్లటి మచ్చలు, తుప్పు, వీటన్నిటికీ వంటింట్లో ఉండే వస్తువులే వాడాలనుకున్నాను. మొదటి వారంలోనే ఒక అల్యూమినియం గిన్నె పాడైంది. అడుగు మాడిందని రెండు చెంచాల వంటసోడా వేసి పావుగంట మరిగించాను. మాడు ఊడింది, కానీ గిన్నె లోపలంతా నల్లగా అయిపోయింది. మర్నాడు స్టీలు గిన్నెకి అదే పని చేస్తే అద్దంలా వచ్చింది. అప్పటినుంచి మరక ఏమిటన్నది తర్వాత, గిన్నె దేనితో చేసిందన్నది ముందు చూస్తున్నాను. ఈ ఆరేళ్లలో నేను నేర్చుకున్నదానిలో ముఖ్యమైనది ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ వాడింది వంటసోడానే. స్టీలు గిన్నె అడుగంటితే మాడు మునిగేదాకా నీళ్లు పోస్తాను. అరలీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా సోడా వేసి పది పదిహేను నిమిషాలు సన్నగా మరగనిస్తాను. చల్లారాక చెక్క గరిటెతో గీకితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. చల్లటి నీళ్లలో కలిపితే ఇంత పని జరగదు. సోడా వేడెక్కినప్పుడు దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బనేట్ తయారవుతుంది. బట్టలకి వాడే వాషింగ్ సోడా అంటే అదే. దాని క్షారం చాలా ఎక్కువ, మాడులోని నూనెని కొంత సబ్బులా మార్చేస్తుంది. మాడు మరీ మందంగా ఉంటే మరిగించి రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున్న ఇంకోసారి మరిగిస్తాను. రెండు రోజులు ఓపిక పట్టడం ఒక గీత పడటం కన్నా నయం.

కప్పులకి పట్టిన టీ మరకలకి కూడా దీన్ని మించింది నాకు కనబడలేదు. కాస్త నీళ్లతో ముద్దలా చేసి తడిగుడ్డతో రుద్దితే అరనిమిషంలో పోతుంది. సోడా పలుకులు మెత్తనివి కాబట్టి పింగాణీ మెరుపు ఇన్నేళ్లయినా చెడలేదు. ఒక సంగతి తెలిసి ఉండాలి. పసుపు మరక మీద సోడా పడితే అది ఎర్రగా మారుతుంది. మొదటిసారి చూసి గిన్నె పాడైందని చాలా టెన్షన్ పడ్డాను. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది, అంతే. మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చగా వస్తుంది.

సోడాలో వెనిగర్ పోసి నురగ తెప్పించే పద్ధతి కూడా దాదాపు ఏడాది పాటు వాడాను. ఇప్పుడు పూర్తిగా మానేశాను, ఎవరికీ చెప్పను కూడా. ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి. చివరికి మిగిలేది నీళ్లూ సోడియం ఎసిటేట్ అనే ఉప్పూ. పొంగేటప్పుడు కాస్త మురికి కదిలితే కదలొచ్చు గానీ, విడివిడిగా వాడితే వచ్చే ఫలితంలో సగం కూడా రాదు. జిడ్డుకి, మాడుకి సోడా. తెల్లటి మచ్చలకి, లోహం మీద మెరుపు తగ్గిన పొరకి పులుపు. ఒకే గిన్నెకి రెండూ కావాల్సి వస్తే మొదటిది శుభ్రంగా కడిగేశాకే రెండోది.

పులుపు విషయానికొస్తే, నీళ్లు కాచే కెటిల్‌కి వెనిగర్ చేసిన మేలు చెప్పలేను. కఠిన జలం మరిగి మరిగి అడుగున తెల్లటి పెంకులా కడుతుంది. అది చాలావరకు కాల్షియం కార్బనేట్. వెనిగర్, నీళ్లు సమానంగా పోసి ఒకసారి మరిగించి అరగంట వదిలేస్తే కరిగిపోతుంది. తర్వాత మంచినీళ్లు రెండుసార్లు మరిగించి పారబోయాలి, లేకపోతే వాసన ఉండిపోతుంది. ఈమధ్య నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, వాడుతున్నాను. లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా చాలు, ఇల్లంతా ఘాటు రాదు. స్టీలు గిన్నెల మీద ఇంద్రధనుస్సు రంగులు వస్తాయి చూడండి, ఖాళీ గిన్నె బాగా వేడెక్కినప్పుడు పైన ఉండే ఆక్సైడ్ పొర మందమై అలా కనిపిస్తుంది. దానివల్ల హాని లేదు. నచ్చకపోతే వెనిగర్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది.

ఆ నల్లబడ్డ అల్యూమినియం గిన్నెని కూడా పులుపే బాగుచేసింది. వాడేసిన నిమ్మచెక్కలు నాలుగు వేసి, నీళ్లు నిండా పోసి పావుగంట మరిగిస్తే చాలావరకు తెల్లబడింది. అల్యూమినియానికి సోడా పడదు. దాన్ని కాపాడే సన్నటి పొరని క్షారం తినేస్తుంది. ఆ గిన్నెని ఇప్పుడు సబ్బుతో తప్ప దేనితోనూ తోమను.

రాగికి నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్దితే చేతిలో ఉండగానే రంగు తిరుగుతుంది. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపినా అంతే. ఆమ్లం నల్లటి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని వేగం చేస్తుంది. చాలామంది పొరపాటు పడేది తర్వాతే. రుద్ది, పైపైన కడిగి, తడి మీదే బోర్లిస్తారు. రెండు రోజుల్లో మళ్లీ మచ్చలు, అంచుల్లో పచ్చటి చిలుము. ఆ చిలుము విషం, అది ఉన్న పాత్రలో తినేది ఏదీ పెట్టకూడదు. నేను రాగిని కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, లోపలి తడి ఆరేదాకా బయటే ఉంచుతాను. లోపల కళాయి ఉన్న పాత్రలని మాత్రం ఉప్పుతో రుద్దొద్దు, పూత అరిగిపోతుంది. ఇత్తడిని పులుపులో నానబెట్టకూడదని ఒక ప్లేటు పోగొట్టుకున్నాక తెలిసింది. గంటల తరబడి నానేసరికి దానిలోని జింకు కరిగి, అక్కడక్కడా గులాబీరంగు రాగి మచ్చలు తేలాయి. ఇత్తడికి రెండు నిమిషాలు రుద్ది కడిగేయడమే.

ఉప్పుతో స్టీలుకి ఒక ప్రమాదం ఉంది. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున పేరుకుని, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. స్టీలు తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొరని క్లోరైడ్ అక్కడక్కడా ఛేదిస్తుంది. ఆ గుంటలు ఏ సోడాతోనూ పోవు. నీళ్లు మరిగాకే ఉప్పు వేసి కలుపుతున్నాను.

ఇక ఇనుప పెనం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎక్కువ కష్టపెట్టిందీ ఇదే. దాని నల్లటి నునుపు ఒట్టి జిడ్డు కాదు. పలచగా రాసిన నూనె వేడికి గట్టిపడి లోహానికి అతుక్కున్న పొర. మొదట్లో ఆ పెనాన్ని వెనిగర్‌లో నానబెట్టి, ఆ పొరంతా పోగొట్టి, మర్నాటికి ఎర్రటి తుప్పు తెచ్చుకున్నాను. మళ్లీ దారికి తేవడానికి మూడు వారాలు పట్టింది. తుప్పుకి వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అరగంట మాత్రమే ఉంచి రుద్దాను. వెంటనే కడిగి పొయ్యి మీద ఆరబెట్టాను. చాలా పలచగా నూనె రాసి, ఇంక నూనె లేదనిపించేదాకా గుడ్డతో తుడిచి, పొగ తగ్గేదాకా వేడిచేశాను. ఇలా అయిదారు సార్లు. నూనె ఎక్కువ రాస్తే బంకలా అంటుకుంటుంది, ఇందులో తొందర పనికిరాదు. ఇప్పుడు ఏదైనా అంటుకుంటే గుప్పెడు గళ్లుప్పు, చెంచా నూనె వేసి గుడ్డతో రుద్దుతాను. కాస్త సబ్బు తగిలినా ఏమీ కాదు. నీళ్లలో నానబెట్టడం మాత్రం వద్దు.

నాన్‌స్టిక్‌కి ఉప్పు వద్దే వద్దు, మెత్తటి స్పాంజ్ మీద సోడా ముద్ద చాలు. వెండి చెంచాలు నల్లబడితే పింగాణీ గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వాటిని రేకుకి తగిలేలా పెట్టి, సోడా వేసి మరిగే నీళ్లు పోస్తాను. నలుపు అంటే వెండి గంధకంతో కలిసిన పొర. ఆ గంధకం రేకు వైపు వెళ్లిపోతుంది, వెండి అరగదు. రాళ్లు పొదిగినవీ, నలుపు కావాలని చేసిన నగిషీ ఉన్నవీ అందులో వేయకండి.

ఇవేవీ సబ్బుకి బదులు కావు. కూరగాయలు కోసే చెక్క మీద ఉప్పు, నిమ్మచెక్క రుద్దితే వాసన పోతుంది, క్రిములు పూర్తిగా పోతాయన్న నమ్మకం లేదు. పచ్చి మాంసం కోసిన చెక్కకి సబ్బు, వేడినీళ్లు తప్పనిసరి. అలాగే బ్లీచ్ వాడే సింక్‌లో వెనిగర్ పోయకండి, నిమ్మ కూడా పిండకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

నాకు ఇప్పటికీ లొంగనివి ప్లాస్టిక్ డబ్బాలే. పసుపు మరక సోడాకి పోలేదు, వెనిగర్‌కీ పోలేదు. కడిగి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది, వెలుగుకి ఆ రంగు నిలవదు. టమాటా, నూనె కలిసి వేడిగా పట్టిన ఒక డబ్బా మాత్రం ఎన్ని ఎండలు చూపించినా తేరుకోలేదు. దాన్ని ఇప్పుడు వంటసోడా పోసుకోవడానికే ఉంచాను.