సేవానిధి కోసం ఆత్రేయపురం పూతరేకులు: ఒక ఆర్డరు అనుభవం

తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో పుట్టిన మా అమ్మాయి పదో పుట్టినరోజును పురస్కరించుకొని, అదే వ్యాధితో ఉన్న పేదపిల్లల మందుల కోసం నిధి సేకరించాలనుకున్నప్పుడు, బంధుమిత్రుల ముందు చేయి చాపడం కన్నా ఏదైనా అమ్మి మిగిలిన సొమ్మును నమోదైన సేవాసంస్థకు ఇవ్వడమే మేలనిపించింది. కోనసీమలో అందుకు పూతరేకులను మించినది ఏముంటుంది? ఆత్రేయపురంలోని ఒక చిన్న కుటుంబ దుకాణానికి పెద్ద ఆర్డరే ఇచ్చాము.

2023లో ఇక్కడి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక ఆత్రేయపురం పేరు మరింత మార్మోగుతున్నది. ఆ పేరు రాసుకున్న ప్రతి పెట్టె ఆ ఊరిదే అని నమ్మలేము కనుక, ముందు రేకులు తీసే చోటు చూపించమని అడిగాము. వెనుక వసారాలో బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట; పాలలా పల్చగా ఉన్న బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను ఒకావిడ కుండ మీదుగా ఒక్కసారి లాగగానే రేకు పట్టి, మరుక్షణంలో అంచులు పైకి లేచాయి. ఆ రేకులను తడిగుడ్డపై మెత్తబరచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడుస్తున్నారు. నేతి విషయంలో పిసినారితనం కనిపించలేదు.

ధర దగ్గర యజమానురాలు చెప్పిన మాట నాకు నచ్చింది. "రేకులు తీసేవాళ్ళ కూలి తగ్గించలేనండి, వాళ్ళకీ పిల్లలున్నారు కదండీ. నా లాభం మాత్రం పాప పేరున వేసుకోండి" అన్నారు. ఆ తగ్గింపును బిల్లులో విడిగా చూపడం వల్ల కొన్నవారికి లెక్క చెప్పడం సులువైంది. పూతరేకులకు చెల్లించిన ధర విరాళం కిందికి రాదు. పన్ను మినహాయింపు కావలసినవారిని నేరుగా సంస్థకే పంపాము, రెండు వేల రూపాయలు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని కూడా ముందే చెప్పాము.

లోపమల్లా ప్యాకింగులోనే ఉంది. ముసురు రోజుల్లో అంత పల్చని అట్టపెట్టెలు పనికిరావు. అడుగు వరుసలోని రేకులు చెమ్మ పీల్చి ముద్దయ్యాయి. కొన్ని పెట్టెలపై తయారీ తేదీ లేదు. ఆహారపదార్థాల ప్యాకెట్లపై అది తప్పనిసరి అయినప్పుడు, సేవ కోసం అమ్ముతున్నామన్న కారణంతో సడలించుకోవడం కుదరదు. ఫోను చేయగానే మారు మాట్లాడకుండా కొత్తవి పంపారు గాని, అమ్మకం ఆలస్యమైంది. డ్రైఫ్రూట్ రకం చూడముచ్చటగా ఉన్నా ఖరీదు ఎక్కువ కనుక నిధికి మిగిలేది తక్కువ. బెల్లం రకమే మమ్మల్ని ఆదుకుంది.

మిగిలిన సొమ్ము మందులకే ఎందుకని కొందరు అడిగారు. తీవ్ర తలసేమియా ఉన్న పిల్లలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఒంట్లో పేరుకునే ఇనుమును తొలగించే మందులు ఏళ్ళ తరబడి వాడవలసిందే. ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు మళ్ళీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి కనుక దాతలూ ఎక్కువమందే కావాలి. పూతరేకులు కొన్న చేతులతోనే పలువురు దాతల పట్టికలో పేరు రాశారు.

రుచికి, నిజాయితీకి పూర్తి మార్కులు; ప్యాకింగుకు సగం. వచ్చే ఏడాదీ అక్కడే ఆర్డరిస్తాము, పెట్టెలు మాత్రం మేమే కొని పంపుతాము.