నెర్డ్ పార్టీకి ఏ థీమ్ మేలు: డ్రాగన్లా, బోర్డ్ గేమ్సా, పై డేనా?

ఒకసారి తొమ్మిది మందిని ఇంటికి పిలిచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ: ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై ఆడే ఆట) ఆడించబోయాను. కథ రాసుకున్నాను, గుహల పటాలు గీసుకున్నాను, లైట్లు తగ్గించాను. మొదటి గంట బాగానే నడిచింది. యుద్ధం మొదలయ్యాకే నా పాచిక పారలేదు. ఒక్కొక్కరు ఆలోచించి, ఇరవై ముఖాల పాచిక వేసి, కూడికలు చేసుకునేసరికి మూడు నిమిషాలు పట్టేది. అంటే ఒకసారి ఆడినవాడికి మళ్లీ వంతు రావాలంటే దాదాపు అరగంట. మా మాంత్రికుడి వంతు వచ్చేసరికి అతను సోఫాలో గుర్రు పెడుతున్నాడు. అట్టతో చేసిన కోసు టోపీ మాత్రం తలమీదే ఉంది.

అప్పటినుంచి ఏ థీమ్ అనుకున్నా ముందు చూసేది ఒక్కటే: వచ్చినవాళ్లు ఎంతసేపు ఖాళీగా కూర్చోవాలి?

అలాగని డీ అండ్ డీని తీసిపారేయలేను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో దొరికే మజా వేరు. "తలుపు పగలగొడతాను" అంటారని మనం ఎదురుచూస్తుంటే ఒకడు "తలుపుతో మాట్లాడతాను" అంటాడు. ఇక కథ నడిపే డీఎం ఆ తలుపుకు గొంతు అరువివ్వాల్సిందే. వేషాలకు కూడా దీన్ని మించింది లేదు. కాకపోతే ఆటగాళ్లు ఐదుగురు దాటకూడదు. కొత్తవాళ్ల చేతికి ఖాళీ క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) ఇవ్వకండి, అది నింపేలోపే సాయంత్రం గడిచిపోతుంది.

బోర్డ్ గేమ్స్ అయితే టెన్షన్ తక్కువ, పెట్టె తెరిస్తే చాలు. కాటాన్‌లో పక్కవాడు పాచికలు వేసినా మనకు సరుకు రావచ్చు కాబట్టి ఎవరికీ నిద్ర రాదు. కానీ మామూలు పెట్టెతో ఆడగలిగేది ముగ్గురో నలుగురో. తొమ్మిది మంది వస్తే మూడు బల్లలు, మూడు వేర్వేరు పార్టీలు. గుంపుకు 2015లో వచ్చిన కోడ్‌నేమ్స్ నయం. 25 మాటలు, రెండు జట్లు, తమ మాటలేవో జట్టు కనిపెట్టడానికి నాయకుడు ఇచ్చే క్లూ ఒక్క మాట, ఒక అంకె. కార్డులు మనమే తెలుగులో రాసుకుంటే గొడవ ఇంకా బాగుంటుంది. "వంక" అని రాసి ఉంటే ఒకరికి నెలవంక, ఒకరికి వాగు, ఇంకొకరికి సాకు.

అయితే అది మంచి ఆటే తప్ప థీమ్ కాదు. పది మంది వస్తున్నారు, అందులో సగం మంది భార్య కోసమో, భర్త కోసమో, స్నేహితుడి కోసమో వస్తున్నవాళ్లు అనుకోండి. అప్పుడు నా ఓటు పై డేకే, అంటే వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే పై (π) పేరిట చేసుకునే రోజుకే.

దీన్ని 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో ల్యారీ షా మొదలుపెట్టాడు. తేదీ కంటే నెల అంకెను ముందు రాస్తే మార్చి 14 అంటే 3.14. తేదీ ముందు రాసేవాళ్లు జూలై 22న, అంటే 22/7 రోజున చేసుకోవచ్చు. నిజానికి 3.14 కంటే 22/7 అనేది π విలువకు ఇంకాస్త దగ్గర. ఈ ఒక్క మాట చాలు, తలుపు దగ్గరే వాదన మొదలవుతుంది.

పెద్ద కాగితం నేలమీద పరిచి, అగ్గిపుల్ల పొడవుకు రెట్టింపు ఎడంతో గీతలు గీయండి. అందరూ పుల్లలు విసరాలి. మొత్తం పుల్లల్ని గీత తాకిన పుల్లలతో భాగిస్తే వచ్చేది పై చుట్టుపక్కలే ఉంటుంది. మేం 200 పుల్లలు వేస్తే 64 తాకాయి, అంటే 3.125. లెక్కలంటే పడదని మూల కూర్చున్నావిడే అందరికంటే ఎక్కువ పుల్లలు విసిరింది. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ ఒక గుప్పెడు ఇస్తే చాలు, రూల్స్ చెప్పే పనే లేదు.

రెండో ఆట వాక్యాలు కట్టడం. ఒక్కో మాటలో అక్షరాలు π అంకెల ప్రకారం వరసగా 3, 1, 4, 1, 5, 9 ఉండాలి. ఒకతను ఇలా రాశాడు: "ఎందుకో ఆ గడియారం నా మాటవినదు, చెప్పుకోలేకపోతున్నాను అన్నా!" π లో ఆ తర్వాత వచ్చే 2 కూడా చివర్లో కుదిరింది. "మాట వినదు" రెండు మాటలు కదా అని సగం గది లేచింది. కలిపి రాశాను కాబట్టి ఒక్కటే అన్నాడు. ఓటింగ్ పెడితే అతనే గెలిచాడు. తర్వాతి మాటకు ఆరు అక్షరాలు కావాలి, దానికోసం గ్రూపులో ఇంకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.