ఆల్‌వీల్ డ్రైవ్ వ్యాన్‌లో చలికాలం టాహో: ముందు టైర్లు, తర్వాతే మిగతా హంగులు

కాలిఫోర్నియా బే ఏరియా నుంచి చలికాలంలో వ్యాన్ వేసుకుని మంచు కొండల్లో ఉన్న టాహో సరస్సుకి వెళ్లాలంటే ఏ టైర్లు వేయించాలి, ఇంకా ఏమేం బిగించాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అని తెలిసినవాళ్లు వరసగా అడుగుతున్నారు. ఫోన్లో చెప్పిందే చెప్పే బదులు ఒకసారి రాసేస్తే సరిపోతుంది. మాది ఫోర్డ్ ట్రాన్సిట్, ఎత్తు కప్పుది, ఆల్‌వీల్ డ్రైవ్, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకీ వెళ్తుంది. లోపల మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు బిగించి, పిల్లలతో సహా అందరం ఎక్కాక బరువు మూడున్నర టన్నుల దగ్గరికి వెళ్తుంది. ఈ బరువు సంగతి గుర్తుంచుకోండి, టైర్ల లెక్క అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆల్‌వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి కాబట్టి ఆగే దూరం విషయంలో మనకీ పక్క లేన్లో వెళ్లే మామూలు కారుకీ తేడా లేదు, పైగా మన బరువు ఎక్కువ. టాహో దారిలో 7,200 అడుగుల పైచిలుకు ఎత్తున్న డోనర్ సమ్మిట్ అనే కనుమ ఎక్కేటప్పుడు ఆల్‌వీల్ డ్రైవ్ ఎంత ధీమా ఇస్తుందో, అటువైపు ట్రకీ ఊరికి దిగేటప్పుడు ఆ ధీమాయే కొంప ముంచుతుంది. అందుకే నన్నడిగితే బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్టు, కప్పు మీద లైట్లు, వెనక నిచ్చెన అన్నీ ఆపేసి ఆ డబ్బు ముందు టైర్లకి పెట్టమంటాను.

బండి ఇంకా కొననివాళ్లకి ఒక్క మాట. ట్రాన్సిట్‌కి 2020 మోడల్ నుంచి ఆల్‌వీల్ డ్రైవ్ వస్తోంది, లో రేంజ్ గేర్ (బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్) ఉండదు. మెర్సిడెస్ స్ప్రింటర్ పాత 4x4లో లో రేంజ్ ఆప్షన్‌గా ఉండేది, 2023 నుంచి దాని స్థానంలో ఆల్‌వీల్ డ్రైవ్ పెట్టారు. టొయోటా సియెన్నా ఆల్‌వీల్ డ్రైవ్‌లో వెనక చక్రాలకి విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది. స్నో తీసిన రోడ్ల మీద తిరిగేవాళ్లకి మూడూ చాలు. మొత్తం స్నోలో దిగబడే రోడ్లలోకి వెళ్తానంటే అది వేరే కథ, వేరే బండి.

టైరు పక్క గోడ మీద ఎం+ఎస్ అని కనిపిస్తే మంచుకి పనికొస్తుందని సంతోషపడకండి. మడ్, స్నో అన్న ఆ గుర్తు గాడుల ఆకారాన్ని బట్టి వేసేది, దానికి మంచు మీద పరీక్షేమీ ఉండదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు ఉన్న చిన్న బొమ్మ వెతకండి. ఆ బొమ్మ ఉంటే గట్టిపడ్డ స్నో మీద పట్టు ఎంతో పరీక్షించారని అర్థం. అయితే అందులోనూ మెలిక ఉంది. ఆ పరీక్ష ముందుకు లాగే పట్టుకే, గడ్డకట్టిన ఐస్ మీద బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో అది చెప్పదు. అందుకే ఆ బొమ్మ ఉన్న ఆల్ టెర్రెయిన్ టైరూ, అదే బొమ్మ ఉన్న అసలైన వింటర్ టైరూ ఒకటి కావు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తదనం వల్లే జూలైలో హైవే మీద అది తొందరగా అరిగిపోతుంది కూడా.

మాలాగా సముద్రమట్టం దగ్గర ఉంటూ సీజన్‌లో అప్పుడప్పుడూ కొండెక్కేవాళ్లకి ఏడాది పొడుగునా ఉంచగలిగే ఆల్ వెదర్ రకం, మంచుపువ్వు గుర్తుతో, వ్యాన్లకోసమే చేసినవి సరైనవి. మిషెలిన్ ఎజిలిస్ క్రాస్‌క్లైమేట్, టోయో సెల్సియస్ కార్గో ఈ కోవలోవి. మేము మొదటిది వేయించాం. తడి రోడ్డు మీద, స్నో మీద పట్టు నచ్చింది, రైడ్ మాత్రం కాస్త గట్టిగా ఉంటుంది, వెనక సీట్లో కూర్చున్న మా అత్తగారు మొదటి గంటలోనే ఆ మాట అనేశారు. ఆల్ టెర్రెయిన్ టైర్లు చూడ్డానికి బాగుంటాయి, ఫొటోల్లో ఇంకా బాగుంటాయి, మట్టి రోడ్లకి మంచివే. కానీ మీ తిరుగుడంతా ఇంటర్‌స్టేట్ 80 మీదే అయితే ఆ చప్పుడు, ఆ పెట్రోలు ఖర్చు దేనికి? ట్రకీలోనో సౌత్ లేక్ టాహోలోనో కాపురం ఉండేవాళ్లయితే మొహమాటం లేకుండా వింటర్ టైర్లు విడి రిమ్ములకి ఎక్కించుకుని ఉంచుకోవాలి. వెడల్పాటి టైరు మంచులో బాగా పట్టుకుంటుందనుకోవడం కూడా తప్పే, సన్నటి టైరు స్నోని కోసుకుని కిందకి దిగుతుంది, వెడల్పాటిది పైపైన తేలుతుంది.

ఇక టైర్ల షాపు గొడవ. పేరు చెప్పను, సౌత్ బేలో ఒక షాపు. మా సైజు 235/65ఆర్16సీ, దాని పక్కన 121/119 అని ఉండాలి, అంటే ఒక్కో టైరు ఒంటరిగా 1,450 కిలోలు మోస్తుంది. కౌంటర్ దగ్గర అబ్బాయి కంప్యూటర్లో సైజు కొట్టి చవగ్గా ఉన్నాయంటూ ఒక సెట్టు చూపించాడు. బయటికి తెచ్చాక వేలితో తడుముతూ చదివితే చివర 103 ఉంది, అంటే 875 కిలోలు. కార్లకి, చిన్న ఎస్‌యూవీలకి వేసే టైరు అది. సైజు అదే కదా, రిమ్ముకి ఎక్కుతుంది కదా అని అతని వాదన. ఎక్కుతుంది, మరి మూడున్నర టన్నుల్ని మోసేదెవరు? కాసేపు వాదించి, మేనేజరు వచ్చి చూసి, సరైనవి తెప్పించడానికి టైమ్ పడుతుందన్నారు. ఆర్డర్ వేరేచోట ఇచ్చాం. మీరు కూడా డబ్బు కట్టకముందే ఈ అంకె, దాంతో పాటు టైరు పక్క గోడ మీద తయారీ వివరాలు చెప్పే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారంలో తయారైందని. ఇంకోటి, ఆల్‌వీల్ డ్రైవ్‌లో ఒక టైరు పాడైందని ఒక్కటే కొత్తది వేస్తే చుట్టుకొలత తేడా వల్ల చక్రాలకి బలం అందించే డ్రైవ్‌లైన్ మీద భారం పడుతుంది. నాలుగూ సమానంగా అరిగేలా రొటేషన్ చేయించడం, మార్చినప్పుడు నాలుగూ మార్చడం మంచిది.

స్నో పడ్డప్పుడు టైర్లకి ఎవరెవరు చైన్లు చుట్టాలో చెప్పే చైన్ కంట్రోల్ రూల్స్ కాలిఫోర్నియాలో మూడు మెట్లు. ఆర్‌1లో మామూలు కార్లకి చైన్లో స్నో టైర్లో ఉండాలి, ఆల్‌వీల్ డ్రైవ్‌ని వదిలేస్తారు. ఆర్‌2లో ఖాళీ బరువు 6,500 పౌండ్లు మించని ఆల్‌వీల్ డ్రైవ్‌కి నాలుగు చక్రాలకీ స్నో ట్రెడ్ టైర్లు ఉంటేనే చైన్లు లేకుండా పోనిస్తారు, మిగతా అందరూ చైన్లు వేయాల్సిందే. ఆర్‌3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, సాధారణంగా అంతదాకా వచ్చేలోపే రోడ్డు మూసేస్తారు. ఇక్కడ ఎం+ఎస్ గుర్తున్నా స్నో ట్రెడ్ కిందే లెక్క, కాకపోతే గాడి లోతు 6/32 అంగుళాలకి తగ్గకూడదు. అంటే చట్టం ఒప్పుకునే టైరు వేరు, నేను మా పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే టైరు వేరు. చాలామందికి తెలియని సంగతేంటంటే, ఆల్‌వీల్ డ్రైవ్ అయినా కంట్రోల్ ఏరియాలో చైన్లు బండిలో ఉండి తీరాలి. చైన్ కంట్రోల్ దగ్గర మమ్మల్ని ఆపినతను ముందు టైరు దగ్గర వంగి, టార్చి వేసి, గాడుల్లో ఇరుక్కున్న మంచుని గ్లవ్ వేలితో గీకి గుర్తు చూసి, చైన్లేవి అని అడిగాడు. సీటు కింద సంచి చూపించాక చెయ్యి ఊపి పొమ్మన్నాడు. వెనక ఎస్‌యూవీ వాళ్లని పక్కకి పెట్టించాడు.

చైన్లు వేయడం రాకపోతే రోడ్డు పక్కన వేసిపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లు కాల్ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) ఉద్యోగులు కారు, పర్మిట్ తీసుకుని సొంతంగా చేసుకునేవాళ్లు. వాళ్లు చైన్లు అమ్మకూడదు, అద్దెకి ఇవ్వకూడదు, వేయడం తీయడమే. రసీదు తీసుకుని బ్యాడ్జి నంబరు రాసుకోండి. పని మాత్రం బాగా చేస్తారు, చీకట్లో తడి స్నోలో మోకాళ్ల మీద కూర్చుని వాళ్లు చేసే పనికి అడిగినంత ఇచ్చేయొచ్చు. మీరే వేసుకునేట్టయితే ఇంటి ముందు పొడి నేల మీద ప్రాక్టీసు చేయండి, ఏ చక్రాలకి వేయాలో, చక్రానికీ బాడీకీ మధ్య ఎంత సందు ఉందో బండి మాన్యువల్ చూసి కొనండి. వేశాక వేగం గంటకి 25 నుంచి 30 మైళ్లే.

గాలి సంగతి. చలికి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే కారు టైర్లో 1 పీఎస్‌ఐ పోతుందంటారు, వ్యాన్ వెనక టైర్లలో గాలి దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర దాకా పోతుంది. పైకెళ్లిన కొద్దీ బయటి గాలి పలచబడి గేజు కొంచెం ఎక్కువ చూపించడంతో ఈ తగ్గుదల కొంత కప్పబడిపోతుంది. అందుకని శాన్ హోసేలో కొట్టించిన గాలి చాల్లే అనుకోకుండా ట్రకీలో పొద్దున్నే, బండి తీయకముందు, ఒకసారి చూడండి. చిన్న కంప్రెసర్ బండిలో ఉంటే పెట్రోల్ బంకు మెషీన్ గడ్డకట్టిందని ఏడవక్కర్లేదు.

మిగతా హంగుల్లో మాకు నిజంగా పనికొచ్చినవి పార, దిగబడ్డ చక్రం కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు, బంపర్‌లోకి తిప్పి బిగించే టో హుక్కు. ఆ హుక్కు కంపెనీయే ఇస్తుంది, సామాన్ల కింద అడుగున పడేయకండి. మడ్ ఫ్లాప్స్ వేస్తే పక్కలు శుభ్రంగా ఉంటాయి గానీ అక్కడ స్నో పేరుకుని గట్టిపడి టైరుకి రాసుకుంటుంది, ఆగినప్పుడల్లా తన్ని రాలగొట్టాలి. రెండంగుళాల లిఫ్ట్ మేము వేయించలేదు. ఎత్తు కప్పు వ్యాన్‌కి గాలి పోటే ఒక టెన్షన్, దాన్ని ఇంకా పైకి ఎత్తడం నాకు నచ్చలేదు. దానికంటే పెట్రోలుతో నడిచే హీటరు వంద రెట్లు నయం. కొనేటప్పుడు ఎత్తు ప్రదేశాలకి సర్దుబాటు ఉన్నదే తీసుకోండి, లేకపోతే గాలి పలచగా ఉండి లోపల మసి పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా మాత్రం పడుకోవద్దు, రాత్రి స్నో పడితే ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ తవ్వి మళ్లీ పడుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 0 డిగ్రీల సెల్సియస్ కింద చార్జి చేయకూడదు కాబట్టి అది వెచ్చగా ఉండే లోపలి వైపే ఉండాలి. వంటకి బ్యూటేన్ డబ్బా స్టవ్వు తెచ్చుకుంటే పొద్దున కాఫీ రాదు, సున్నా దగ్గర బ్యూటేన్ ఆవిరే కాదు, ప్రొపేన్ తెచ్చుకోండి. కుక్కర్ మర్చిపోకండి, సరస్సు దగ్గర 6,200 అడుగుల ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల లోపే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపున్నా అలాగే చూస్తూ ఉంటుంది.

రాత్రి బసకి మాకు బాగా నచ్చింది పడమటి ఒడ్డున షుగర్ పైన్ పాయింట్ స్టేట్ పార్క్. చుట్టుపక్కల క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు చలికాలంలో మూతపడితే ఇక్కడ చలికాలం క్యాంపింగ్ ఉంటుంది. 1960 వింటర్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీ పోటీలు జరిగిన ప్రాంతం, ఆ దారుల్లో పిల్లలు స్నోషూలతో తిరగొచ్చు. హుకప్స్ (కరెంటు, నీళ్ల కనెక్షన్లు) లాంటివి ఆశించకండి. ట్రకీలో ఒక మోటెల్‌లో కూడా ఉన్నాం. గదులు వెచ్చగా, శుభ్రంగా ఉన్నాయి, పార్కింగ్ మాత్రం ఘోరం. స్నో తీసే బండి వచ్చి తీసిందంతా మా వ్యాన్ వెనకే కుప్ప పోసి వెళ్లింది, రిసెప్షన్‌లో అడిగితే అది కాంట్రాక్టర్ పని అన్నారు, పార కూడా ఇవ్వలేదు. రోడ్డు పక్కన ఆపుకుని పడుకుందామంటే కుదరదు, స్నో తీయడానికని చలికాలంలో వీధి పార్కింగ్ నిషేధం ఉంటుంది, టికెట్ ఇస్తారు, లాగేస్తారు కూడా.

దారుల్లో ఇంటర్‌స్టేట్ 80కే నా ఓటు. వెడల్పు, స్నో తీసే బండ్లు ఎక్కువ. హైవే 50 మీద ఎకో సమ్మిట్ కనుమ దగ్గర రోడ్డు ఇరుకు, వారాంతంలో ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం నరకం. హైవే 88 చూడ్డానికి అన్నిటికంటే బాగుంటుంది కానీ దాని మీది కార్సన్ పాస్ 8,500 అడుగులు దాటుతుంది, తుఫానులో తరచుగా మూస్తారు. ఎమరాల్డ్ బే దగ్గర హైవే 89 కూడా మంచుచరియల భయంతో మూసేస్తుంటారు, అందుకే షుగర్ పైన్‌కి ఉత్తరం నుంచి, ట్రకీ వైపు నుంచి వెళ్లడం మేలు. డోనర్ సమ్మిట్ దగ్గర సోడా స్ప్రింగ్స్‌లోని స్నో ల్యాబ్ 2022–23 సీజన్‌లో కొలిచిన స్నో 754 అంగుళాలు, అంటే 62 అడుగుల పైనే. 2024 మార్చి మొదట్లో వచ్చిన తుఫానుకి 80ని రోజుల తరబడి మూసేశారు. అలాంటప్పుడు కొండెక్కకముందే కోల్‌ఫాక్స్ ఊరి దగ్గరే ట్యాంకు నింపుకుని, కాల్ట్రాన్స్ వారి రోడ్ల పరిస్థితి మ్యాప్ క్విక్‌మ్యాప్ చూస్తూ ఆగండి. ఫోన్‌లో మ్యాప్ 80 మూసింది కాబట్టి హెన్నెస్ పాస్ రోడ్డు మీదుగా వెళ్లమని చూపించినా ఎక్కకండి, చలికాలంలో ఆ రోడ్డు మీద స్నో తీసేవాళ్లుండరు.