ఉలి పట్టిన హీరో: ‘మల్లీశ్వరి’ని ఏళ్ల తరబడి చూశాక

మన పాత రాజుల కాలం సినిమాల్లో హీరో అంటే యువరాజో సేనాపతో అయ్యుండాలి. ఏ గుడిసెలోనో పెరిగినా, చివరి రీల్లో భుజం మీద పుట్టుమచ్చ కనబడి అసలు వంశం బయటపడుతుంది. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ‘మల్లీశ్వరి’లో నాగరాజుకి అలాంటి మచ్చ ఏదీ లేదు. మొదట్లో రాళ్లు చెక్కుకునేవాడు, చివరికీ రాళ్లు చెక్కుకునేవాడే. ఈ సినిమాని టీవీలో చూశాను, సీడీలో చూశాను, ఇప్పుడు ఫోన్లో చూస్తున్నాను. అందరూ పాటల గురించే చెబుతారు గానీ, చూసినకొద్దీ నన్ను పట్టి కూర్చోబెడుతున్నది ఈ నాగరాజే.

కథ చాలామందికి తెలిసిందే. వీరాపురంలో నాగరాజు, మల్లి బావామరదళ్లు. మల్లి తల్లి నాగమ్మకి చేతిలో కాసు లేని ఆడపడుచు కొడుకంటే చులకన. సంత నుంచి వస్తూ వానకి ఇద్దరూ ఓ పాత మండపంలో చేరితే, అక్కడికే మారువేషాల్లో కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన వస్తారు. మల్లి ఆటపాటలకి రాయలు మురిసిపోతాడు. అప్పుడు నాగరాజు ఊరుకోవచ్చుగా! మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించండి అని వేళాకోళమాడతాడు. మరదల్ని ఎవరో పెద్దవాళ్లు మెచ్చుకుంటుంటే కుర్రాడికి వచ్చే గర్వం, ఆ గర్వంలోంచి నోరు జారడం... నాగరాజుగా ఎన్టీఆర్ ఈ ముక్క చేసిన తీరుని నేను వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంటాను. తర్వాత వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఈ ఒక్క మాటే. విలన్ లేడు, కుట్ర లేదు, జనం కత్తులు పట్టుకుని పరిగెత్తడం లేదు.

ఆ వేళాకోళాన్నే నిజం చేసి రాయలు మల్లికి పల్లకీ పంపిస్తాడు. రాణివాసంలో చేరిన పిల్ల ఇక బయటి మగవాళ్ల కంటపడకూడదు. అది ఉత్త సినిమా కల్పన అనుకోనక్కర్లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయల అంతఃపుర స్త్రీల దగ్గరికి నపుంసకులైన సేవకులు తప్ప మగవాళ్లెవరూ పోకూడదనీ, వాళ్లు బయటికి రావలసివస్తే ఎవరికీ కనబడకుండా మూసిన పల్లకీల్లో వెళ్తారనీ రాశాడు. అది చదివాక పల్లకీ వీరాపురం వచ్చే ఘట్టం చూస్తే గుండె గుభేలుమంటుంది. ఊళ్లోవాళ్లకి అది రాజమర్యాద. నాగమ్మకి సంబరం. మల్లికి మాత్రం ఇక తిరిగిరాని ప్రయాణం. నాగమ్మగా ఋష్యేంద్రమణి ఆ సంబరాన్ని ఎంత సహజంగా చేసిందంటే, ఆవిడని తిట్టుకుంటూనే మన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు గుర్తుకొస్తారు.

అదే 1951లో అదే ఎన్టీఆర్ ‘పాతాళభైరవి’లో తోటరాముడయ్యాడు. తోటమాలి కొడుకు, రాజకుమారిని ప్రేమించాడు. రాజుగారికి సరితూగే సంపద కావాలంటే అతనికి పాతాళభైరవి విగ్రహం దొరికింది, అడిగిందల్లా ఇచ్చింది. నాగరాజుకి అలాంటి సదుపాయం లేదు. అత్త ముందు తలెత్తుకోవాలంటే ఊరొదిలి పోయి, ఉలితో సంపాదించుకు రావాలి. రెండూ నాకిష్టమే. కానీ ప్రేమకథలో డబ్బు టెన్షన్‌ని ఇంత నిజాయితీగా చూపించింది మాత్రం ఇదే. అతను చెక్కే బొమ్మల్లో మల్లి పోలికలు వచ్చేస్తుంటాయి. ప్రేమ, పని ఒకే చేతిలో ఉన్నాయని చెప్పడానికి వేరే డైలాగులు అవసరం పడలేదు. తీరా సంపాదించుకుని ఊరికి వచ్చేసరికి మల్లి ఉండదు.

ఇక్కడే మామూలు హీరో అయితే కోట గోడ దూకి పదిమందిని పడగొట్టేవాడు. నాగరాజు మళ్లీ ఉలే పట్టుకుంటాడు. ఆ పనే అతన్ని రాజధానికి, మల్లి ఉన్న చోటికి చేరుస్తుంది. దొరికితే మరణశిక్ష అని తెలిసీ కలుసుకుంటారు. ఆ భయమంతా మల్లిగా వేసిన భానుమతి కళ్లలో చదువుకోవచ్చు. నిజం చెప్పాలంటే, చాలా సీన్లలో ఆవిడ పక్కన ఎన్టీఆర్ కాస్త తగ్గినట్టే ఉంటాడు. ఆ తగ్గడం ఈ పాత్రకి సరిగ్గా అతికింది. ఇదే మనిషి 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లో స్వయంగా కృష్ణదేవరాయలై సింహాసనం ఎక్కాడు. వీలైతే రెండూ వరసగా చూడండి, నడక కూడా వేరే.

పాటల గురించి రెండు ముక్కలే. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సినిమాకి ఆయన రాయడం ఇదే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. మల్లి అంతఃపురంలో, నాగరాజు బయటెక్కడో ఉండి ఒకే మబ్బుతో మాట్లాడే పాటని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. భానుమతి గొంతు ఆగినచోట ఘంటసాల అందుకునే తీరు ఫోన్ స్పీకర్లో తెలియదు. పెద్దనగా వేసినది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు. ఆ గొంతు ఎరిగిన మా ఇంటి పెద్దవాళ్లకి అదో ముచ్చట.

నచ్చనివీ ఉన్నాయి. హాస్యం ఇప్పుడు నేను ముందుకు జరిపేస్తాను. రాయలుగా వేసిన శ్రీవత్సలో హుందాతనం ఉంది గానీ, అంతటి చక్రవర్తి అన్న బరువు లేదు. అన్నిటికంటే ముగింపు నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. పల్లకీ పంపిందీ రాజే, శిక్ష వేయాల్సిందీ రాజే, దయతలిచి వదిలేసిందీ రాజే. అంతసేపు తన చేతిపనిని నమ్ముకున్నవాడికి చివర్లో దొరికింది క్షమాభిక్ష. చరిత్ర ప్రకారం చూస్తే అంతకంటే దారి లేదంటారా? ఉండకపోవచ్చు. ఒకవేళ ఆ శిల్పం ఏదైనా అతని తరఫున సాక్ష్యం చెప్పి ఉంటే బాగుండేదని నా ఆశ.

సినిమా దాదాపు మూడు గంటలు. మొదటి అరగంట బళ్లు, సంత, ఆటపాటలతో నింపాదిగా నడుస్తుంది. అది చూసి మధ్యలో వదిలేసినవాళ్లు నాకు తెలుసు. వానలో మండపం దాకా ఓపిక పట్టమని చెప్పండి. నెట్‌లో దొరికే కాపీల్లో కొన్ని పాటలు కోసేసినవి ఉంటాయి, నేను మొదట కొన్న సీడీ కూడా అలాంటిదే. కాబట్టి నిడివి చూసుకుని మొదలుపెట్టండి.