కాన్ఫరెన్స్ పోస్టర్ వేయించడానికి వీఆర్‌సీ సెంటర్ షాపు ఎలా ఉంది?

బయోఫిజిక్స్ సదస్సుకు పోస్టర్ వేయించాలంటే కాకుటూరు యూనివర్సిటీ వాళ్లు చెన్నై దాకా పోనక్కర్లేదు. నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ దగ్గరి ఈ డిజిటల్ ప్రింట్ షాపు చాలు, కాకపోతే దగ్గరుండి చూసుకోవాలి.

అడక్కపోతే పెళ్లి ఫ్లెక్సీలు కొట్టే మెషిన్ మీదే వేసేస్తారు. అందులో గ్రాఫు అక్షాల మీది చిన్న అంకెలు అలుక్కుపోతాయి. 36 అంగుళాల రోల్ ఉన్న ఇంక్‌జెట్‌లో, మ్యాట్ పేపర్ మీద వేయమనండి. ఏ0 సైజు అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, నిలువుగా సరిగ్గా పడుతుంది. గ్లాసీ లామినేషన్ వద్దనండి, హాల్లో లైట్ల వెలుగు పడి ఏమీ కనపడదు.

అసలు చిక్కంతా ఫైల్‌తోనే. వీళ్లు పీడీఎఫ్‌ను కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు. ఫాంట్లు ఎంబెడ్ చేయకపోతే, అంటే ఫైల్‌లోనే కలిపి పంపకపోతే, డెల్టా, మైక్రో, ఆంగ్‌స్ట్రామ్ గుర్తులు డబ్బాలైపోతాయి. ఫ్లోరసెన్స్ చిత్రాల్లోని (వెలుగు చిమ్మే రంగులతో తీసినవి) మెరిసే ఆకుపచ్చ సీఎంవైకేలో, అంటే ప్రింటర్ వాడే నాలుగు సిరాల్లో, పాచిరంగుకు దిగుతుంది. అది షాపు తప్పు కాదు, ఆ రంగు సిరాల్లోనే లేదు. ఆ చిత్రాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో పెడితే వివరం బాగా తేలుతుంది. మొత్తం కొట్టించేముందు ఏ4 ముక్క ఒకటి తీయించండి, విసుక్కోకుండా తీసిస్తారు.

పోస్టర్ పెట్టుకెళ్లే ట్యూబు మాత్రం ఇక్కడ దొరకదు. మూడంగుళాల పీవీసీ పైపు 90 సెంటీమీటర్లు కోయించి, పోస్టర్‌ను ప్రింటు బయటికి వచ్చేలా చుట్టి అందులో పెట్టండి. బోర్డుకు పెట్టినప్పుడు అంచులు ముందుకు లేవవు.